రెండో చెయ్యి

ఓడిల్ ట్రహాన్ దుకాణానికి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు ముక్కు మూసుకుని, తర్వాత పలకరించేవారు. ఒకప్పుడు అది చేపలకు ఎర అమ్మిన కొట్టు. ఆమె దాన్ని కొని చాలా ఏళ్ళయినా, గోడలకు ఎన్ని రంగులు పూసినా, వాన పట్టిందంటే చాలు, కుళ్ళిన రొయ్యల వాసన నేల పలకల సందుల్లోంచి లేచి వచ్చేది. "మా ఇంటి అత్తరు" అనేది ఓడిల్. బాయూ టెష్ వాగు వెంబడి ఉన్న ఊళ్ళలో గిటారు మోత పెంచే పాత వాల్వు ఆంప్ మూగబోతే మోసుకెళ్ళడానికి ఉన్నది అదొక్క చోటే. అందుకని గిటారు పట్టిన ప్రతివాడూ ఆ అత్తరుకు అలవాటు పడ్డాడు.

ఆ శనివారం పొద్దున ముసలి క్లెబర్ట్ మెనార్డ్ తన ఆంప్‌ని దుప్పటిలో చుట్టి, ట్రక్కులోంచి తానే మోసుకొచ్చాడు. ఎనభై దాటిన మనిషి, అయినా ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. హెరన్ డాన్సు హాలు ఆయనది. శనివారం సాయంత్రం ఆ వేదిక ఎవరు ఎక్కాలో, ఎవరు ఎక్కకూడదో ఆయన కనుబొమ్మ ఆడించి చెప్పేవాడు. ఆ సాయంత్రం ఎక్కబోయేది ఓడిల్ కూతురు సెలీ. పగలంతా పశువుల ఆసుపత్రిలో కుక్కలకు స్నానాలు చేయించే పిల్ల, రాత్రిళ్ళు గిటారు పట్టుకుని పాడీ పాడీ చివరికి ఈయన కంట్లో పడింది. పైగా ఏళ్ళ తరబడి ఊళ్ళో ఎవరినీ ముట్టుకోనివ్వని తన సొంత ఆంప్‌ని ఆమెకు వాడుకోమని ఇస్తున్నాడు. ఊళ్ళో సగం మంది నమ్మలేదు, తక్కిన సగం కుళ్ళుకున్నారు.

"కొత్త వాల్వులు వేశాను. బయాస్ ఒక్కటి సరిచెయ్యి చాలు, అమ్మాయ్" అన్నాడు క్లెబర్ట్. "ఇంకేదీ కదపొద్దు."

ఓడిల్ ఆంప్ వెనక్కి వంగి కరెంటు తీగ చివర చూసింది. "రెండు కాళ్ళ ప్లగ్గుతోనే ఊరేగుతున్నారా ఇంకా? మా నాన్న వీటిని అప్పట్లోనే పీకి అవతల పారేసేవాడు."

"మీ నాన్న పీకి పారేసినవన్నీ ఇప్పుడు ఉంటే నువ్వీ రొయ్యల కంపులో కూర్చునేదానివి కాదు" అన్నాడాయన. తర్వాత ఆంప్ వెనక వైపున్న చిన్న స్విచ్చి మీద వేలు పెట్టి చూపించాడు. దాన్ని కదలకుండా ఎర్రటి గోళ్ళరంగు చుక్కతో అతికించి ఉంచారు. "దీని జోలికి అసలు పోకు. దీని వెనక ఉన్నదాని జోలికీ పోకు."

దాని వెనక ఏముందో ఓడిల్‌కు తెలుసు. చిటికెన వేలంత కెపాసిటర్ ఒకటి ఉంటుంది. ఈ పని చేసేవాళ్ళంతా దాన్ని చావు కెపాసిటర్ అంటారు, ఊరికే పెద్దది చేసి మాట్లాడే మనుషులు కారు వాళ్ళు. అది లోపల చెడిందంటే గోడలోని కరెంటు నేరుగా గిటారు తీగల్లోకి వచ్చి కూర్చుంటుంది. తీగల మీద చేతులు పెట్టినవాడు పాడబోయి పెదవులు మైకుకు తగిలించాడా, ఇక వాడు వదలడు, అది వదలదు. అందుకే అక్కడి పాతకాలపు పాటగాళ్ళు నోరు తెరిచే ముందు గిటారు తీగను మైకుకు ఒకసారి తాకించి చూసుకునేవారు. నిప్పురవ్వ లేస్తే వెనక్కి వెళ్ళి ఆ స్విచ్చి అవతలికి తిప్పేవారు. లేవకపోతే పాడేవారు.

ఇలాంటివి కనిపిస్తే ఓడిల్ అడక్కుండానే కత్తిరించేసి ఎర్తు ఉన్న మూడు కాళ్ళ ప్లగ్గు వేసేది. కానీ పాత సామాను పిచ్చి ఉన్నవాళ్ళు వేరు. పుట్టినప్పటి ముక్క ఒక్కటి మార్చినా వాళ్ళకు దాని ప్రాణం పోయినట్టే. పైగా సెలీ పొద్దున్నే ఫోన్ చేసి బతిమాలింది, ఆయన మనసు మారకముందే అన్నిటికీ సరేనను అని. కెపాసిటర్ పైకి బాగానే కనిపించింది. ఒక్క రాత్రికేగా అనుకుని ఓడిల్ తల ఊపింది. ఇది ఆ పనిలో ఉన్నవాళ్ళు మాత్రమే చేసే తప్పు. పాతదనం పాడవుతుందని భయపడి, చావును దాని చోట దాన్ని ఉండనిస్తారు.

మధ్యాహ్నం దాటేసరికి ఆకాశం నల్లబడింది. గాలి ఆగిపోయింది. దుకాణంలో దీపం వేసుకోవాల్సి వచ్చింది. ఓడిల్ లోపలి రేకు పెట్టెను చెక్క డబ్బాలోంచి ఊడదీసి బల్ల మీద బోర్లించింది, స్పీకరు తీగ కలిపింది, మీటరు తగిలించి స్విచ్చి వేసింది. వాల్వుల గాజు బుడ్లలో నారింజ రంగు మెల్లగా రాజుకుంది.

బయాస్ అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఎవరూ వాయించనప్పుడు, ఆంప్ ఊరికే కూర్చున్నప్పుడు, వాల్వు ఎంత కరెంటు తాగాలో ఒక మర కాస్త అటూ ఇటూ తిప్పి నిర్ణయించడం. ఎక్కువ తాగితే ఎర్రగా కాలి చస్తుంది. తక్కువ తాగితే పాట గొంతులో ఎండిపోతుంది. ఈ వాల్వులకు మీటరు మీద ముప్పై అయిదు దగ్గర ఆపితే హాయిగా ఉంటాయి. కష్టమంతా ఆ మర చుట్టూ మనిషిని చంపేంత కరెంటు ఉండడంలోనే ఉంది. అందుకు ఓడిల్ తండ్రి ఆమెకు చిన్నప్పుడే ఒక అలవాటు నేర్పాడు. కుడి చెయ్యి పనిలో, ఎడమ చెయ్యి వెనక జేబులో. ఒక చేతికి తగిలితే చర్మం కాలుతుంది. ఒక చేత ఎక్కి రెండో చేత దిగితే దారిలో గుండె ఉంటుంది. ఆ అలవాటు ఆమెకు ఎంత ముదిరిందంటే, కిరాణా కొట్లో వరసలో నిలబడ్డా ఎడమ చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది.

మర తిప్పింది. ముప్పై అయిదు. ఆగింది.

ఆమె కాఫీ అందుకోబోయేసరికి మీటరు నలభైకి పాకింది. కిందికి దిగింది. మళ్ళీ పాకింది.

కొత్త వాల్వులు కదా, కుదురుకుంటున్నాయిలే అనుకుంది. గిటారు కలపలేదు. గిటారు తీగ దూర్చే చోట అసలు ఏమీ లేదు. అయినా అంకెలు పైకీ కిందికీ పోతూనే ఉన్నాయి. చూస్తూ చూస్తూ ఆమె పాదం నేల మీద తాళం వేయడం మొదలుపెట్టింది. ఆ సంగతి తెలిసి పాదం ఆపేసింది. అంకెలు ఆగలేదు... నెమ్మదిగా, మూడు దెబ్బల వాల్ట్జ్ పాట నడకలో, ఒక్కో చరణానికి ఊపిరి పీల్చుకుంటూ నడుస్తున్నాయి.

రొయ్యల వాసన పోయి ఇంకేదో వాసన వేసింది. జుట్టుకు రాసుకునే తియ్యటి నూనె. దాని కింద, కాలిన వెంట్రుకలు.

ఓడిల్ పెన్సిలు తీసుకుని దాని రబ్బరు చివరతో మొదటి వాల్వును తట్టింది. వాల్వు వదులైతే స్పీకరులో టంగుమంటుంది. టంగుమనలేదు. స్పీకరులో ఎవరో నాలుకతో పెదవులు తడుపుకున్నారు.

రెండోదాన్ని తట్టింది.

"రెండో చెయ్యి..." అంది స్పీకరు.

మగ గొంతు. చాలా మెల్లగా, మర్యాదగా అడిగినట్టు. ఓడిల్ పెన్సిలు పక్కన పెట్టింది. దగ్గర్లో ఏ రేడియో స్టేషనో లోపలికి వచ్చిందని తనకు తాను చెప్పుకుంది, పాత ఆంప్‌లలో అలా వస్తుంటుంది కూడా. మర వెనక్కి తిప్పింది. అంకె దిగింది. ఇంకా తిప్పింది. పదికి దిగింది, అయిదుకు, సున్నకు దిగింది. ఇప్పుడు వాల్వులు ఏమీ తాగడం లేదు. చల్లారి నిద్రపోవాలి.

వాటి లోపలి రేకులు ఎర్రబడ్డాయి. ముందు అంచుల్లో, తర్వాత నిలువునా. దుకాణంలో దీపం మసకబారి, గోడల మీద ఆ ఎరుపే మిగిలింది.

"ఆ చెయ్యి కాదు. రెండోది... జేబులోది."

ఆమె ప్లగ్గు పీకడానికి వంగింది. ఆ వంగడమే ఆమె కన్ను కాపాడింది. ఎడమ వైపు వాల్వు తుపాకీ పేలినట్టు పేలింది. గాజు ఆమె చెంపను దవడ దాకా చీరింది, కొన్ని ముక్కలు వెనక గోడలో దిగబడ్డాయి. ప్లగ్గు ఊడొచ్చింది. నెత్తురు మెడ మీదుగా చొక్కాలోకి కారుతుంటే ఆమె చేత్తో చెంప అదిమిపట్టి నేల మీదే కూర్చుండిపోయింది. బయట వాన ఒక్కసారిగా రేకుల కప్పు మీద పడింది.

లేచాక ఆమె చేసిన మొదటి పని, ఆ రేకు పెట్టెలో దాక్కున్న కరెంటంతా తీగతో దించేయడం. ఆ కంగారులోనూ పని పద్ధతి తప్పలేదు. మీటరు పెట్టి చూసింది. సున్న. అప్పుడు గాజు ముక్కలు ఏరడానికి చెక్క డబ్బాను తిరగేస్తే, అడుగున పేరుకున్న పాత మైనం, దుమ్ములో ఏదో తళుక్కుమంది. గోటితో పెకలించింది. విరిగిన ముందు పన్ను. దానికి బంగారు తొడుగు.

ఆమెకు తండ్రి చెప్పిన కథ గుర్తుకొచ్చింది. ఫెరెల్ డూసె అనే పాటగాడు ఉండేవాడట, బంగారు పన్ను, నూనె పెట్టి వెనక్కి దువ్విన జుట్టు. హెరన్ హాల్లో పాడుతూ పాడుతూ మైకుకు అతుక్కుపోయి చచ్చిపోయాడట. ఎప్పుడూ తీగ తాకించి చూసుకునే మనిషి. ఆ రోజూ చూసుకున్నాడు. నిప్పురవ్వ లేవలేదు. చూసుకోవడానికీ పాడటానికీ మధ్య ఆ స్విచ్చి ఎలా తిరిగిందో ఎవరికీ అర్థం కాలేదని తండ్రి అనేవాడు. ఫెరెల్ జట్టులో రెండో గిటారు వాయిస్తూ, వెనక ఫెరెల్ ఆంప్ పక్కన నిలబడేవాడు క్లెబర్ట్ మెనార్డ్.

ఓడిల్ ఇక ఆలోచించలేదు. కటింగ్ ప్లేయరు తీసుకుని చావు కెపాసిటర్ కాళ్ళు రెండూ కత్తిరించింది. తెగినప్పుడు స్పీకరు నిట్టూర్చింది. తీసిన ముక్క ఎంత పనికిమాలినదైనా సొంతదారుకు తిరిగివ్వడం ఆ పనిలో రివాజు, కాలిన వైరు ముక్క కూడా పారేయరు. చెయ్యి ఆ రివాజు ప్రకారమే పోయి, కెపాసిటర్‌ను వెనక జేబులో వేసింది.

తర్వాత సెలీకి ఫోన్ చేసింది.

"ఆ ఆంప్ వద్దు. నీ మామూలుదే తీసుకెళ్ళు, మూడు కాళ్ళ ప్లగ్గు ఉన్నది."

"మొదలెట్టావా అమ్మా? నేను పైకొస్తుంటే నీకు ఎందుకంత..."

"వాల్వు పేలి నా చెంప చీరింది సెలీ."

"కుట్లు పడతాయా?"

"పడితే పడతాయి. ముందు నాకు మాటివ్వు."

"సరే, ఇచ్చాను. కానీ క్లెబర్ట్ తాత నీ దగ్గరికే బయల్దేరాడు, నువ్వే చెప్పుకో. మంచివాడేనమ్మా. నిన్న కూడా ఎంతో శ్రద్ధగా అడిగాడు, పాడేటప్పుడు పెదవులు మైకుకు ఆనిస్తావా, దూరం పెడతావా అని. ఆనిస్తానన్నాను. మంచి పిల్లవి అన్నాడు."

ఓడిల్ గడియ పెట్టాలని తలుపు వైపు తిరిగింది. తలుపు అప్పటికే తెరుచుకుని ఉంది. క్లెబర్ట్ టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన ఆమె చెంప వంక చూడలేదు. బల్ల మీద బోర్లించిన రేకు పెట్టెను, అందులో తెగిన రెండు కాళ్ళను చూశాడు.

"ఎక్కడ పెట్టావు?" అని మెల్లగా అడిగాడు.

"నా కూతురిని దాని ముందు నిలబెట్టాలనుకున్నావు" అంది ఓడిల్. ఆమెకు భయం పోయి కోపం వచ్చింది. "స్విచ్చి నువ్వే తిప్పావు కదూ ఆ రోజు?"

బాగు చేయడానికి ఎవరో తెచ్చిన మైకు స్టాండు ఒకటి గోడకు ఆనించి ఉంది. ఆయన దాన్ని అందుకున్నాడు, ముసలివాడు అందుకున్నట్టు కాదు. మొదటి దెబ్బ ఆమె భుజం ఎముక మీద పడింది. రెండోది అడ్డం పెట్టిన కుడి చేతి మీద పడి, వేళ్ళు విరిగిన చప్పుడు వానలో కూడా వినిపించింది. ఆమె కింద పడ్డాక కూడా ఆయన ఆపలేదు. మోకాళ్ళ మీద, నడుము మీద, మళ్ళీ మోకాళ్ళ మీద... ఊపిరి ఆడక ఆగాడు.

"వాడు పాడితే ఆడవాళ్ళు ఏడ్చేవారు" అన్నాడు రొప్పుతూ. "నేను పాడితే బీరు తెచ్చుకోవడానికి లేచేవారు. ఒక్క నొక్కు, అంతే. వాడు పళ్ళతో కరిచి పట్టుకున్నాడు, పళ్ళు విరిగినా వదల్లేదు. వాడు ఊగుతుంటే జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను."

"నన్ను చంపు. పిల్లని వదిలెయ్."

"నువ్వు పాడవుగా" అన్నాడు క్లెబర్ట్, పిల్లలకు నచ్చజెప్పినట్టు. "వాల్వులు కొత్తవి పడ్డప్పుడల్లా వాడికి ఆకలేస్తుంది. ఇదివరకు ఇద్దరిని ఇచ్చాను, దూరపు ఊళ్ళ వాళ్ళు. ఇవ్వకపోతే ఇంటికొచ్చి నా నోరు అడుగుతాడు. రాత్రి నా పెదవులు తడిమాడు, తెలుసా నీకు? అది ఎక్కడుంది?"

అది ఆమె కిందే ఉంది, నేలకూ ఆమెకూ మధ్య, జేబులో. ఆమె పళ్ళు బిగబట్టి ఊరుకుంది. ఆయన సొరుగులన్నీ నేల మీద కుమ్మరించాడు. చివరికి అలాంటిదే ఇంకో కెపాసిటర్ దొరికింది. వేడి సోల్డరింగ్ ఐరన్ కుడి చేత పట్టుకుని, ఎడమ చేత్తో కెపాసిటర్ కాలు పట్టుకుని, పెట్టె మీదికి వంగాడు. ఎన్నో ఏళ్ళుగా ఆంప్‌లతో బతికిన మనిషి, తెలియక కాదు. ప్లగ్గు నేల మీద పడి ఉంది, కళ్ళారా చూశాడు. మీటరు సున్న చూపిస్తోంది, అదీ చూశాడు.

రెండు చేతులూ లోపల పెట్టాడు.

ఓడిల్ కింద నుంచి మీటరు వంకే చూస్తోంది. సున్న... నాలుగు... పదకొండు... ముప్పై అయిదు. అక్కడ ఆగింది. కుదురుగా, ఆమె మధ్యాహ్నం నుంచి ఎంత తిప్పినా ఆగనంత కుదురుగా.

"ఆ... రెండోది కూడా" అంది స్పీకరు.

క్లెబర్ట్ అరవలేదు. అరవడానికి దవడ తెరుచుకోలేదు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి, మడమలు నేలను టకటకా కొట్టడం మొదలుపెట్టాయి, వాల్ట్జ్ తాళంలో. ఎవరో జుట్టు పట్టుకుని వంచినట్టు ఆయన మొహం పెట్టె మీదికి దిగింది, ఆగింది, మళ్ళీ దిగింది. పెదవులు రేకుకు అంటుకుని ఉడికాయి. పళ్ళు ఇనుప అంచును కరిచాయి. ఒకటి విరిగింది, ఇంకోటి విరిగింది, ఆయన కొరకడం మాత్రం ఆపలేదు. మిగిలిన వాల్వు ఎర్రగా వెలుగుతోంది. స్పీకరులోంచి పాట వస్తోంది, మాటలు లేని పాట, నోటి నిండా నెత్తురు పెట్టుకుని పాడుతున్నట్టు. ఓడిల్ వెనక జేబులో ఏదో వెచ్చగా కదిలింది. అక్కడ కూడా దెబ్బ తగిలింది కాబోలనుకుంది.

అంటుకుపోయిన మనిషిని చేత్తో పట్టుకోకూడదు. ఆమె పాకుతూ వెళ్ళి చీపురు కర్ర తెచ్చి, దాంతో ఆయన్ని పొడిచి పొడిచి విడదీసింది. ఆయన వెల్లకిలా పడ్డాడు. పై పెదవి రేకు మీదే ఉండిపోయింది.

పోలీసు డెప్యూటీలు వచ్చారు, ఫొటోలు తీశారు. పాత యంత్రం, ముసలాయన, కరెంటు కొట్టిందని రాసుకున్నారు. ప్లగ్గు పెట్టి లేదని ఓడిల్ మూడుసార్లు చెప్పింది. ఒకతను మర్యాదగా విని, దెబ్బలు తగిలాయి కదా అమ్మా, అన్నీ సరిగ్గా గుర్తుండవు అన్నాడు. ఆంప్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, సీలు వేసి, వ్యానులో ఎక్కించుకుపోయారు. అది వీధి మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూ నిలబడింది. ఆసుపత్రిలో చెంపకు కుట్లు వేసి, కుడి చేతికి వేళ్ళ చివర్లు మాత్రం కనిపించేలా కట్టు కట్టారు. రాత్రికి ఇక్కడే ఉండమన్నారు. ఆమె వినలేదు. కూతురు వేదిక మీద ఉంటే తాను మంచం మీద పడుకోగలనని ఆమెకు అనిపించలేదు. దెబ్బలు తిన్న బట్టలే ఒంటి మీద ఉన్నాయి, మార్చుకోను కూడా లేదు.

హెరన్ హాలు ఆ సాయంత్రం మూసేస్తారేమో అనుకుంది. మూయలేదు. ముసలాయన పేరు మీదే ఆడదామన్నారు, టోపీలు తీసి కాసేపు నిలబడి, మళ్ళీ పెట్టుకున్నారు. వెనక వంటింట్లోంచి బూడాన్ సాసేజిల వాసన వస్తోంది. ఓడిల్ ఎవరి పలకరింపుకూ ఆగకుండా కుంటుకుంటూ నేరుగా వేదిక దగ్గరికి వెళ్ళింది. సెలీ వాడే మామూలు ఆంప్‌ని, దాని మూడు కాళ్ళ ప్లగ్గును, గోడ సాకెట్‌ను మీటరు పెట్టి చూసింది. గిటారు తీగను మైకుకు తాకించింది. నిప్పురవ్వ లేదు. మళ్ళీ తాకించింది. లేదు.

"చాలమ్మా, అందరూ చూస్తున్నారు" అంది సెలీ, తల్లి చెంప మీది కట్టును ముట్టుకోకుండా ముట్టుకున్నట్టు గాలిలో చెయ్యి ఆపి. "వీళ్ళందరూ నిన్ను చూడ్డానికే వచ్చామనుకుంటారు."

"అనుకోనీ. నువ్వు పాడు."

సెలీ పాడింది. పెదవులు మైకుకు ఆనించి పాడింది, ఏమీ కాలేదు. రెండో పాటకు హాలు కాళ్ళ కింద ఊగింది. ముసలి జంటలు కూడా లేచాయి. మూడో పాట నెమ్మదిది, వాల్ట్జ్. ముందు వరసలో ఒక ఆవిడ ఏడుస్తోంది, సిగ్గుపడకుండా. ఓడిల్‌కు కూడా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒళ్ళంతా పచ్చి పుండులా ఉన్నా, బతికి ఉన్నందుకు, ఆ పిల్ల బతికి పాడుతున్నందుకు ఆమెకు చెప్పలేనంత సంతోషం వేసింది. వేదిక అంచున నిలబడి, తల వాల్చి వింటూ, ఎప్పటిలాగే ఎడమ చేతిని వెనక జేబులోకి పోనిచ్చింది.

కెపాసిటర్ తగిలింది. దాన్ని తిరిగి ఇవ్వడం మరిచిపోయానని అప్పుడు గుర్తొచ్చింది.

అది వెచ్చగా ఉంది.

దాన్ని తీసి పారేద్దామని పిడికిలి మూయబోయింది. పిడికిలి మూసుకోలేదు... మధ్యలో ఇంకేవో ఉన్నాయి. అవి ఆమె వేళ్ళ సందుల్లోకి ఒక్కొక్కటే వచ్చి, మెత్తగా, పాత స్నేహితుడి వేళ్ళలా అల్లుకున్నాయి. వాటి చివర్లు గట్టిగా కాయలు కాసి ఉన్నాయి. తీగలు నొక్కీ నొక్కీ గిటారు వాయించేవాళ్ళ ఎడమ చేతికి అలాంటి కాయలే కాస్తాయి.

ఓడిల్ చెయ్యి లాగింది. రాలేదు. అరవబోయింది. దవడ బిగుసుకుపోయింది.

పైన పాట అయిపోయింది. హాలంతా చప్పట్లు. సెలీ నవ్వుతూ, చెమటలు కారుతూ, ఒక చెయ్యి మైకు మీద ఉంచి అంచు దాకా వంగింది. రెండో చెయ్యి తల్లి వైపు చాచింది.

"పైకి రామ్మా. వీళ్ళందరికీ నిన్ను చూపించాలి. చెయ్యి ఇవ్వు."

ఇవ్వకూడదు. ఓడిల్‌కు తెలుసు. ఆమె బలమంతా కూడదీసుకుని కుడి చేతిని ఒంటికి అదిమిపట్టుకోవాలని చూసింది. విరిగిన ఆ చెయ్యి కట్టుతో సహా మెల్లగా పైకి లేవడం ఆమె చూస్తూనే ఉంది. సెలీ ఇంకా వంగింది. వేళ్ళకూ వేళ్ళకూ మధ్య జానెడు దూరం, తర్వాత బెత్తెడు.

ఓడిల్ చెవి పక్కనే, తియ్యటి నూనె వాసనతో, పాట అందుకోబోయే ముందు ఎవరో గొంతు సవరించుకున్నారు.